చక్రం దిగని విమానం: తప్పు చేతిదా, మీటదా?



విమానం గాలిలోకి లేవడం చూసి మనం ఆశ్చర్యపోతాం. విమానం నడపడం నేర్పే గురువులను అడిగితే మాత్రం, లేవడం పెద్ద పని కాదు, క్షేమంగా దిగడమే అసలు విద్య అంటారు. ఏట్లో దిగినవాడికి ఒడ్డు ఎంత ముఖ్యమో, ఆకాశానికి ఎగిరినవాడికి నేల అంత ముఖ్యం. చిన్న విమానానికీ ఆ నేలకూ మధ్య నిలిచేవి మూడే మూడు చక్రాలు. ఆ చక్రాలు, వాటిని పట్టి ఉంచే కాళ్లు, వాటిని ముడిచి చాపే యంత్రాంగం, వీటన్నిటినీ కలిపి ల్యాండింగ్ గేర్ అంటారు.

సరిహద్దు జిల్లాల్లో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. బీదరులో వైమానిక దళం వారి శిక్షణ కేంద్రం ఉంది. బెంగళూరులో విమానాల కర్మాగారం ఉంది. హోసూరు పక్కన బెళగొండపల్లిలో చిన్న విమానాలు తయారుచేసిన సంస్థ ఉంది. అటువంటి విమానాల్లో కూర్చుని నేర్చుకునేవారిని వెంటాడే ప్రశ్న ఒకటుంది. దిగే వేళకు చక్రం దిగకపోతే ఎలా? దిగిన చక్రం నేల మీద ముడుచుకుపోతే ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో విమానయానం చాలాకాలం పక్కదారిన నడిచింది. అమరికలో ఉన్న లోపానికి నడిపేవాడి చేతిని నిందించింది. ఆ నింద ఎలా తొలగిందో, దాని వల్ల నేటి విద్యార్థికి ఏమి మేలు జరిగిందో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

మొట్టమొదటి విమానానికి అసలు చక్రాలే లేవు. 1903 డిసెంబరు 17న అమెరికాలో కిటీ హాక్ దగ్గర ఇసుక తిన్నెల మీద రైట్ సోదరులు ఎగిరించిన విమానం కింద రెండు పొడవాటి చెక్క బద్దలు ఉండేవి. ఒక పట్టా మీద నుంచి జారి గాలిలోకి లేచేది. దిగేటప్పుడు ఆ బద్దల మీదనే ఇసుకలో జారి ఆగేది. 1906లో పారిస్‌లో సాంతోస్ దుమోఁ అనే బ్రెజిల్ దేశస్థుడు చక్రాలున్న విమానంతో ఎగిరి చూపించాడు. తరవాత కొద్ది ఏళ్లలోనే రైట్ సోదరులు కూడా తమ విమానాలకు చక్రాలు అమర్చారు. ఆ చక్రాలు ఎడ్లబండి చక్రాల్లాగా ఎప్పుడూ బయటనే ఉండేవి. ముడిచేదీ లేదు, చాపేదీ లేదు. అందుచేత మరచిపోయే ప్రసక్తి కూడా లేదు.

విమానాల వేగం పెరిగిన కొద్దీ చిక్కు మొదలయింది. గాలిలో వేగంగా పోయే వస్తువును గాలి వెనక్కి నెడుతుంది. వేగం రెండింతలయితే ఆ ఒత్తిడి నాలుగింతలవుతుంది. బయట వేలాడే చక్రాలు, కడ్డీలు ఆ ఒత్తిడిని మరీ పెంచుతాయి. గద్ద ఎగిరేటప్పుడు కాళ్లను పొట్ట కింద ఈకల్లోకి ముడుచుకుంటుంది. అదే ఉపాయం విమానానికి ఎందుకు పనికిరాదని నిపుణులు ఆలోచించారు. 1920లోనే అమెరికాలో ఒక పందెపు విమానానికి ముడుచుకునే చక్రాలు అమర్చి చూశారు. 1931లో వచ్చిన లాక్‌హీడ్ ఒరాయన్ వంటి ప్రయాణికుల విమానాలతో ఆ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. వేగం పెరిగింది, పెట్రోలు ఖర్చు తగ్గింది. అయితే ఆ లాభంతోపాటే ఒక కొత్త బాధ్యత కూడా వచ్చి పడింది. ముడిచినదాన్ని మళ్లీ చాపాలి. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చాపాలి.

మొదట్లో ఈ పని చేతులతోనే జరిగేది. బ్రిటిష్‌వారి ఆవ్రో ఆన్సన్ అనే రెండు ఇంజన్ల విమానం 1935లో మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కామన్‌వెల్తు దేశాల శిక్షణ పాఠశాలల్లో వేలాదిమంది దాని మీదనే నేర్చుకున్నారు. దాని చక్రాలు పైకి ముడవాలంటే పైలట్ సీటు పక్కనున్న చేతిపిడిని 140కి పైగా చుట్లు తిప్పాలి. చెరకు రసం తీసే గానుగ పిడిని తిప్పినట్టే. కొద్ది దూరం పోయి రావడానికి ఇంత శ్రమ ఎందుకని చాలామంది చక్రాలు బయట ఉంచుకునే ఎగిరేవారు. అందువల్ల గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగం తగ్గేది. వేగం తగ్గితే తగ్గింది గాని, అంత తిప్పి తిప్పి ముడిచినవాడు తాను ముడిచిన సంగతి మరచిపోవడం కష్టం.

తరవాత విద్యుత్ మోటార్లు, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ యంత్రాలు ఆ శ్రమను తొలగించాయి. పైలట్ చిన్న మీటను కదిపితే చాలు, చక్రాలు వాటంతట అవే ముడుచుకుంటాయి, చాపుకుంటాయి. మూడు చక్రాలూ దిగి గట్టిగా బిగుసుకుంటే ఎదుట మూడు పచ్చ దీపాలు వెలుగుతాయి. పని సులువయింది. సులువైన పనినే మనిషి మరచిపోతాడు, లేక ఒకదానికి బదులు మరొకటి చేస్తాడు. అప్పటినుంచి చక్రాల ప్రమాదాలు రెండు తెగలయ్యాయి. యంత్రం చెడి చక్రం దిగకపోవడం మొదటిది. మనిషి మరచిపోయి దించకపోవడం, లేదా పొరపాటున ముడవడం రెండోది. మన కథకు ఈ రెండో తెగ ముఖ్యం.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన యువకులను వేల సంఖ్యలో విమానశాలలకు పంపింది. నిన్నటిదాకా పొలంలోనో, దుకాణంలోనో పనిచేసిన కుర్రవాడు కొద్ది నెలల్లో బాంబర్ విమానం నడిపే స్థితికి రావాలి. ఆ రోజుల్లో ఒక వింత ప్రమాదం పదే పదే జరుగుతూ వచ్చింది. విమానం చక్కగా నేలకు దిగుతుంది. రన్‌వే మీద పరుగెత్తుతూ ఉంటుంది. ఇక ప్రమాదం ఏమీ లేదనుకున్న సమయంలో హఠాత్తుగా చక్రాలు ముడుచుకుపోతాయి. విమానం పొట్ట నేలకు కొట్టుకుని, ప్రొపెల్లర్లు వంకరపోయి, నిప్పురవ్వలు రేగుతూ ఆగుతుంది. విచారించి చూస్తే పైలటే చక్రాల మీటను కదిపి ఉంటాడు. ఎందుకు కదిపావంటే అతని దగ్గర జవాబు ఉండేది కాదు. నివేదికలో పైలట్ తప్పు అని రాసేవారు. దానితో విచారణ ముగిసేది.

1943లో ఈ నివేదికలు అల్ఫాన్స్ చాపానిస్ అనే యువకుడి దగ్గరకు వచ్చాయి. ఒహాయో రాష్ట్రంలో డేటన్ నగరం పక్కనున్న రైట్ ఫీల్డ్‌లో సైన్యంవారి వైమానిక వైద్య పరిశోధనశాల ఉండేది. ఆయన అక్కడ మనస్తత్వ శాస్త్రవేత్త. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన గమనించిన మొదటి సంగతి చాలా చిన్నది. ఈ ప్రమాదం బి-17, బి-25 బాంబర్లలోనూ, పి-47 యుద్ధ విమానంలోనూ తరచుగా జరుగుతోంది. సి-47 అనే సామాన్ల విమానంలో మాత్రం కనిపించడం లేదు. కుర్రవాళ్లంతా ఒకే తరహా పాఠశాలల్లో చదివినవారే. మరి సి-47 నడిపేవారికి మాత్రమే ఆ జాగ్రత్త ఎక్కడినుంచి వచ్చింది?

ఆయన విమానాల్లోకి ఎక్కి కాక్‌పిట్‌లు చూశాడు. సమాధానం కళ్లముందే ఉంది. విమానం రెక్కల వెనుక అంచున ఫ్లాప్‌లు అనే పలకలుంటాయి. దిగే వేళ వాటిని కిందికి వంచుతారు. దిగిన తరవాత తిరిగి పైకెత్తడం రివాజు. బి-17, బి-25, పి-47 విమానాల్లో ఈ ఫ్లాప్‌ల మీట, చక్రాల మీట పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చూడడానికి ఒకేలా ఉన్నాయి, తాకితే కూడా ఒకేలా ఉన్నాయి. సి-47లో ఆ రెండూ ఒకదానితో ఒకటి పొరబడే తీరులో లేవు. అలసిపోయిన పైలట్, చూపు రన్‌వే మీద ఉంచి, చెయ్యి మాత్రం పక్కకు చాపి ఫ్లాప్‌లు ఎత్తబోయి చక్రాలు ఎత్తేస్తున్నాడు.

మన వంటింట్లో ఒకే రకం డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉప్పు, మరొకదానిలో పంచదార పోశామనుకోండి. ఏదో ఒకనాడు కాఫీలో ఉప్పు పడక తప్పదు. ఆనాడు కాఫీ కలిపిన ఇల్లాలిని తిట్టిపోసినంత మాత్రాన మరుసటి నెలలో అదే పొరపాటు జరగకుండా ఉంటుందా? ఒక డబ్బా మార్చితే చాలు. మన పొలాల్లో మోటారు స్టార్టరు పెట్టె మీద ఒకటి పచ్చ బొత్తాం, ఒకటి ఎర్ర బొత్తాం పెట్టింది కూడా ఇందుకే. చీకట్లో టార్చి పట్టుకుని వెళ్లిన రైతు చదువుకున్నవాడైనా కాకపోయినా పొరపడకూడదు.

చాపానిస్ చేసిన వైద్యం కూడా ఇటువంటిదే. చక్రాల మీట చివర రబ్బరు టైరుతో కూడిన చిన్న చక్రం బొమ్మ బిగించాడు. ఫ్లాప్‌ల మీట చివర ఫ్లాప్ ఆకారంలో బల్లపరుపు చీలను బిగించాడు. ఇప్పుడు పైలట్ తలతిప్పి చూడనక్కరలేదు. గుండ్రంగా తగిలితే చక్రాలు, పలకలా తగిలితే ఫ్లాప్‌లు. వేళ్లే చెబుతాయి. ఆ మార్పు చేసిన చోట ఆ పొరపాటు తగ్గిపోయింది. కొత్త పాఠాలు లేవు, కొత్త శిక్షలు లేవు. పెద్ద విమానాలను గురించిన అమెరికా నియమావళిలో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలోనే ఉండాలని ఈనాటికీ రాసి ఉంది. శ్రోతల్లో ఎవరైనా విమానం కాక్‌పిట్ ఫొటో చూస్తే ఆ చిన్న చక్రాన్ని గుర్తుపట్టవచ్చు.

యుద్ధం ముగిశాక 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అదే దారిలో మరికొంత దూరం నడిచారు. పైలట్ తప్పు అని పేరుపడిన 460 అనుభవాలను సేకరించి, ఒక్కొక్కదాన్నీ పరిశీలించారు. వాటిలో సగం, ఒక మీటకు బదులు మరొక మీటను కదిపిన సందర్భాలేనని తేలింది. మరచిపోవడం వల్ల జరిగినవి నూటికి 18. తప్పు చేసినవారు అసమర్థులని చెప్పడానికి ఆధారం దొరకలేదు. అమరిక మారిస్తే తప్పుల సంఖ్య తగ్గుతుందని వారు తేల్చిచెప్పారు.

ఈ కథలో మనకు దగ్గరి ముడి ఒకటి ఉంది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సహాయంతో బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం స్థాపించాడు. అక్కడ కూర్చిన మొదటి విమానం, 1941లో ఎగిరిన హార్లో అనే శిక్షణ విమానం. 1943లో, అంటే చాపానిస్ మీటలు పరిశీలిస్తున్న ఏడే, ఆ కర్మాగారం అమెరికా సైన్యం అజమాయిషీలోకి వెళ్లింది. బర్మా, చైనా రంగాల్లో దెబ్బతిన్న బి-25 బాంబర్లు, సి-47లు మరమ్మతు కోసం అక్కడికే వచ్చేవి. ఒకదానిలో చేతిని మోసగించే మీటలు, మరొకదానిలో మోసగించని మీటలు. రెండూ ఒకే షెడ్డులో నిలబడేవి. సి-47నే మనవాళ్లు డకోటా అన్నారు. 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపిన విమానాలు అవే. డకోటా చక్రాలు ముడిచిన తరవాత కూడా సగం బయటికి కనిపిస్తూనే ఉంటాయి. అందుకే చక్రాలు చాపకుండా దిగినా ఆ విమానానికి అంతగా దెబ్బ తగిలేది కాదు.

ఇంత తెలిసిన తరవాత ఈ లోపం మళ్లీ తలెత్తదనుకుంటాం. కాని చరిత్ర అలా నడవలేదు. ఫిట్స్, జోన్స్ నివేదిక వెలువడిన 1947లోనే అమెరికాలో బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే చిన్న విమానం మార్కెట్‌లోకి వచ్చింది. అందమైన విమానం, వేగం గల విమానం. సొంత విమానం కొనగలిగినవారు ఎంతో మోజుపడ్డారు. మిగిలిన చిన్న విమానాల్లో చాలావాటికి చక్రాల మీట ఎడమవైపు, ఫ్లాప్‌ల మీట కుడివైపు ఉండేవి. బొనాంజాలో ఇవి తారుమారు. సెస్నాలోనో, పైపర్‌లోనో నేర్చుకుని వచ్చినవాడు బొనాంజా ఎక్కితే, తల ఒకటి తలచినా చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోయేది. రన్‌వే మీద ఫ్లాప్‌లు ఎత్తబోయి చక్రాలు ఎత్తేవాడు.

విమానం బరువు చక్రాల మీద ఉన్నంతసేపు మీట కదిపినా చక్రాలు ముడుచుకోకుండా ఆపే స్విచ్చి ఒకటి ఉంటుంది. అయితే విమానం వేగంగా పరుగెత్తుతున్నప్పుడు రెక్కలు ఇంకా కొంత బరువు మోస్తూనే ఉంటాయి. చిన్న గతుకు మీద ఎగిరిపడితే చాలు, ఆ స్విచ్చి విమానం గాలిలో ఉందని భ్రమపడుతుంది. 1980లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ విషయం మీద ప్రత్యేక అధ్యయనం ప్రకటించింది. పొరపాటున చక్రాలు ముడిచిన ప్రమాదాల్లో బొనాంజా, దాని పెద్దన్న వంటి బారన్ విమానాల పాలు వాటి సంఖ్యకు ఎంతో మించి ఉందనీ, దానికి కారణం మీటల అమరికేననీ చెప్పింది. 1984 నుంచి ఆ సంస్థ తన మీటలను అందరి మాదిరిగా మార్చుకుంది. తెలిసిన నిజం అమలులోకి రావడానికి 37 ఏళ్లు పట్టింది. పాత విమానాలు అలాగే ఉన్నాయి కనుక, వాటిని నడిపేవారు ఈనాటికీ నేల మీద ఆగిన తరవాతగాని ఏ మీటా తాకకూడదని గురువులు నేర్పుతారు.

మరచిపోయేవారి కోసం యంత్రమే గుర్తుపెట్టుకునేలా చేయవచ్చు గదా అని అడగవచ్చు. ఆ ప్రయత్నమూ జరిగింది. 1967లో వచ్చిన పైపర్ ఆరో అనే చిన్న విమానంలో, వేగం తగ్గితే చక్రాలు వాటంతట అవే దిగే ఏర్పాటు చేశారు. ముడుచుకునే చక్రాలు కొత్తగా నేర్చుకునేవారికి అది ధైర్యమిచ్చింది. అయితే ఇంజన్ ఆగిపోయి, దూరంగా ఉన్న మైదానం చేరడానికి గాలిలో తేలుతూ పోవలసిన సమయంలో కూడా చక్రాలు దిగి విమానాన్ని వెనక్కి లాగగలవు. చివరకు 1980ల చివర్లో ఆ ఏర్పాటును పనిచేయకుండా చేయమని తయారీదారులే సూచించారు. గుర్తుపెట్టుకునే భారం మళ్లీ మనిషి మీదికే వచ్చింది. ఆ భారం మోయడానికి గురువులు ఒక పొడిమాట కూర్చారు. గంప్స్ అంటారు. మన గంపకూ దానికీ సంబంధం లేదు. గ్యాస్, అండర్‌క్యారేజ్, మిక్స్చర్, ప్రొపెల్లర్, సీట్‌బెల్ట్ అనే అయిదు మాటల మొదటి అక్షరాల కూర్పు అది. దిగే ముందు విద్యార్థి ఈ అయిదూ పైకి చదువుతూ, చేత్తో తాకుతూ సరిచూసుకోవాలి.

ఇక నిజంగానే యంత్రం చెడి చక్రం దిగకపోతే ఏమి చేయాలి? మూడు పచ్చ దీపాల్లో రెండే వెలిగాయనుకుందాం. విద్యార్థి మొదట దిగే ప్రయత్నం మానుకుని, ఇంజన్‌కు శక్తి పెంచి, పైకి లేచి, క్షేమమైన ఎత్తుకు చేరాలి. అక్కడ తీరికగా ఆలోచించవచ్చు. దీపమే మాడిపోయి ఉండవచ్చు. వెలిగే దీపాన్ని తీసి ఆ చోట పెట్టి చూడాలి. పైపర్ ఆరోలో రాత్రి దీపాల స్విచ్చి వేసి ఉంటే ఈ పచ్చ దీపాల వెలుగు బాగా తగ్గుతుంది. పట్టపగలు అవి ఆరిపోయినట్టే కనిపిస్తాయి. ఎందరో విద్యార్థుల గుండె దడ ఆ ఒక్క స్విచ్చి ఆపగానే తగ్గిపోయి ఉంటుంది. అదీ కాకపోతే అత్యవసర మార్గం ఉంది. ఆరోలో నూనె ఒత్తిడి వదిలితే చక్రాలు తమ బరువుతో కిందికి జారుతాయి. కొన్ని సెస్నాల్లో చేతిపంపు కొట్టాలి. బొనాంజాలో చేతిపిడిని 50 చుట్ల దాకా తిప్పాలి. పాతకాలపు ఆన్సన్ పిడి మరో రూపంలో ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

తరవాత కంట్రోల్ టవర్ ముందునుంచి తక్కువ ఎత్తులో ఎగిరితే, కింది నుంచి చూసి చక్రాలు దిగాయో లేదో చెబుతారు. దిగాయని చెప్పగలరు గాని, బిగుసుకున్నాయని చెప్పలేరు. ఈ పనులన్నీ చేస్తున్నంతసేపూ విద్యార్థి మరవకూడని సూత్రం ఒకటుంది. ముందు విమానం నడపాలి, తరవాతనే మిగిలిన పనులు. ఈ సూత్రానికి విమానయానం చాలా పెద్ద మూల్యం చెల్లించింది.

1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి 176 మందితో న్యూయార్క్ నుంచి మయామీ చేరింది. ముక్కు చక్రం దీపం వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తున చుట్టూ తిరుగుతూ, కాక్‌పిట్‌లో ఉన్నవారంతా ఆ దీపం మీదనే దృష్టి పెట్టారు. ఎత్తును నిలిపే ఏర్పాటు ఎవరికీ తెలియకుండా తప్పిపోయింది. విమానం కొంచెం కొంచెంగా కిందికి జారుతున్నా ఎవరూ గమనించలేదు. చివరకు చిత్తడినేలలో కూలి 101 మంది చనిపోయారు. చక్రం నిజానికి దిగే ఉంది. మాడిపోయింది దీపమే. ఆరేళ్ల తరవాత, 1978 డిసెంబరు 28న, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం 189 మందితో పోర్ట్‌లాండ్ నగరం మీద తిరిగింది. అక్కడ కూడా చక్రం మీద అనుమానమే. దాదాపు గంటసేపు దాని సంగతే చూస్తూ ఉండగా పెట్రోలు అయిపోయింది. 10 మంది చనిపోయారు. అక్కడా చక్రాలు దిగే ఉన్నాయి. ఈ రెండు దుర్ఘటనల తరవాతనే, పక్కవాడు సందేహం చెబితే పెద్ద పైలట్ వినాలనీ, ఒకరు చిక్కు విప్పుతుంటే మరొకరు విమానం నడుపుతూనే ఉండాలనీ నేర్పే కొత్త శిక్షణ మొదలయింది. అది పెద్ద విమానాల కోసం పుట్టినా, గురువూ శిష్యుడూ ఇద్దరే కూర్చునే చిన్న విమానానికీ వర్తిస్తుంది.

అన్ని ఉపాయాలూ విఫలమైతే మిగిలేది పొట్ట మీద దిగడం. వినడానికి భయం కలిగించినా, చిన్న విమానాల్లో ఇది జాగ్రత్తగా చేస్తే ప్రాణాపాయం తక్కువ. పెట్రోలు తగ్గించుకుని, అగ్నిమాపక దళం ఉన్న పొడవైన రన్‌వే ఎంచుకుని, బెల్టులు బిగించుకుని, దిగే ముందు తలుపు గడియ తీసి ఉంచుకోవాలి. ప్రొపెల్లర్‌ను కాపాడుకోవాలని గాలిలోనే ఇంజన్ ఆపేవారున్నారు. అది మంచిది కాదని గురువులు హెచ్చరిస్తారు. ప్రొపెల్లర్ మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇందుకు మనం ఇందాక చెప్పుకున్న ఆన్సన్ విమానమే సాక్ష్యం చెబుతుంది. 1940 సెప్టెంబరు 29న ఆస్ట్రేలియాలో శిక్షణలో ఉన్న రెండు ఆన్సన్‌లు గాలిలో ఢీకొని, ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి. పైదాని ఇంజన్లు ఆగిపోయాయి. కిందిదాని ఇంజన్లు తిరుగుతున్నాయి. మిగిలినవారు పారాచ్యూట్లతో దూకగా, పై విమానంలోని లెనార్డ్ ఫుల్లర్ అనే 22 ఏళ్ల శిక్షణార్థి రెండు విమానాలనూ కలిపి నడిపి, బ్రాకిల్స్‌బీ ఊరి దగ్గర పచ్చికబయలులో పొట్ట మీద దించాడు. నలుగురూ బతికారు. బలవంతపు దిగుబాటుకు తనకు నేర్పినట్టే, ఒక ఇల్లు కనిపించే చోటు చూసుకుని గాలికి ఎదురుగా దించానని అతను తరవాత చెప్పాడు. ఆపదలో అతనికి తోడు నిలిచింది బుద్ధిగా నేర్చుకున్న పాఠమే.

మన దేశంలో మొదటి పాఠాలు చాలాకాలం ముడుచుకోని చక్రాలతోనే సాగాయి. వి.ఎం. ఘాటగే రూపకల్పనలో బెంగళూరులో తయారై 1951లో ఎగిరిన హెచ్.టి.-2 విమానం చక్రాలు స్థిరంగా ఉండేవి. దాని తరవాత వచ్చిన దీపక్ విమానానివీ అంతే. బెళగొండపల్లిలో 1990లలో తయారైన ఆరు సీట్ల పి-68 విమానానికి కూడా స్థిరమైన చక్రాలే. ఆ తొలి పాఠాలు దాటి, 1964లో మొదటిసారి ఎగిరిన కిరణ్ జెట్ విమానం ఎక్కినప్పుడు వైమానిక దళం విద్యార్థికి చక్రాలు ముడిచి చాపే బాధ్యత ఎదురయ్యేది. బీదరు ఆకాశం ఆ కిరణ్‌లను ఎన్నో ఏళ్లు చూసింది. 2008లో అక్కడికి హాక్ విమానాలు వచ్చాయి. 2013లో హైదరాబాదు దగ్గర దుండిగల్ అకాడమీకి స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ విమానాలు వచ్చాక, విద్యార్థి మొదటి మెట్టు మీదనే ముడుచుకునే చక్రాల విమానం ఎక్కుతున్నాడు. మూడు పచ్చ దీపాలు చూసుకోవడం ఇప్పుడు అక్షరాభ్యాసంలో భాగం.

ఆ విద్యార్థి, కుర్రవాడు కానివ్వండి, అమ్మాయి కానివ్వండి, చక్రాల మీట పట్టుకున్నప్పుడు వేళ్లకు తగిలే గుండ్రని పిడి వెనుక ఇంత చరిత్ర ఉంది. తప్పు జరిగినప్పుడు ఎవరు చేశారని అడిగి ఊరుకున్నంత కాలం విమానాలు పొట్ట మీద జారుతూనే ఉన్నాయి. ఎందుకు జరిగిందని ఒకాయన అడిగాక అవి నిలదొక్కుకున్నాయి. అలాగని నడిపేవారికి బాధ్యత తీరిపోలేదు. దీపాలు చూసుకోవడం, పైకి చదివి సరిచూసుకోవడం, ఏ చిక్కు వచ్చినా విమానం నడపడం మరవకపోవడం ఈనాటికీ వారి పనే. అమరిక సరిగా చేయడం తయారుచేసేవారి ధర్మం, ఆ అమరికను శ్రద్ధగా వాడడం నడిపేవారి ధర్మం. రెండు ధర్మాలూ కలిసిన రోజున మూడు చక్రాలూ నేలను తాకుతాయి.